అప్‌డేట్: తెల్లబడిన టీ-34 దక్కింది

1/56 స్కేలు టీ-34/85 (రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ ట్యాంకు) బొమ్మకు రంగులేసి, మీద మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేయగానే విభూతి పూసినట్టు తెల్లబడిందని, రంగంతా కడిగేయాలా అని పోయిన నెల అడిగాను. కడగలేదు. మీరు చెప్పినట్టే గ్లాసీ (మెరిసే) వార్నిష్ కుంచెతో పలుచగా పూశాను. ఆకుపచ్చ తిరిగి తేలింది! తప్పు డబ్బాది కాదు, ముసురు పట్టిన సాయంత్రం డాబా మీద స్ప్రే చేసిన నాది.

ఆ మెరుపు వల్ల ఇంకో లాభం. వైట్ స్పిరిట్‌లో (రంగును పలుచన చేసే ద్రవం) కలిపిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు, వెల్డింగు అతుకుల వెంట తనంతట తానే పాకింది. మిగిలిన మరకలను మర్నాడు తడి కుంచెతో కిందికి లాగితే వాన చారలయ్యాయి.

స్పాంజితో అద్దిన తుప్పు రంగు మచ్చలు మాత్రం సగానికి పైగా కప్పేశాను. యుద్ధంలో చాలా ట్యాంకులు అంత తుప్పు పట్టేదాకా బతకలేదు. వాటికి పట్టింది దుమ్మూ బురదే. హ్యాచ్ (ట్యాంకు పైమూత) అంచులకు పెన్సిల్ గ్రాఫైట్ రుద్దితే చాలు, ఇనుమే అనిపిస్తుంది.

చివరి మ్యాట్ పూత మిట్టమధ్యాహ్నం ఎండలో, కుంచెతోనే. టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) వెనక ఒక తెల్ల మచ్చ మొండికేసింది. దాని మీద టార్పాలిన్ చుట్ట అతికించాను.