మాలిన్ హెడ్ నుంచి మిజెన్ హెడ్‌కు సైకిల్ యాత్ర: చేతి తిమ్మిరికి ఏం చేయాలి?

నమస్కారమండీ, డబ్లిన్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దావిడను చివరి రోజుల్లో కంటికి రెప్పలా చూసుకున్న హాస్పిస్‌కు విరాళాల కోసం జూన్‌లో ఐర్లండ్ ఉత్తర కొసన ఉన్న మాలిన్ హెడ్ నుంచి నైరుతి కొసన ఉన్న మిజెన్ హెడ్ దాకా సైకిల్ తొక్కుతున్నాం. 600 కిలోమీటర్ల పైమాటే, ఐదు రోజులు. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది, అంటే మాకు చాలావరకు ఎదురుగాలే.

మొన్న ఆదివారం విక్లో కొండల్లో 90 కిలోమీటర్లు తొక్కాను. శాలీ గ్యాప్ దగ్గర వాన పట్టుకుంది. ఇంటికొచ్చాక కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి చొక్కా గుండీ కూడా తీయలేకపోయాను. వరసగా ఐదు రోజులంటే టెన్షన్‌గా ఉంది.

హ్యాండిల్ ఎత్తు పెంచితే తగ్గుతుందా, గ్లవ్స్ మార్చాలా? తడిసిన బూట్లు తెల్లారేసరికి ఎలా ఆరబెట్టుకున్నారు? ఇలాంటి యాత్ర చేసినవాళ్లు దయచేసి చెప్పండి.