పాత వైరింగ్ రాగి తీగతో కమ్మలు చేస్తుంటే విరిగిపోతున్నాయి, ఎలా?

గోదారిగట్టు:
మా ఇంటికి కొత్త వైరింగ్ వేయించాం. గోడల్లోంచి లాగిన పాత రాగి వైరు ఒక సంచెడు వచ్చింది, లోపల ఒకటే పోగు, దాదాపు 1.8 మిల్లీమీటర్ల మందం. పాత సామాన్ల కొట్లో వేయడానికి మనసొప్పక మా చెల్లికి కమ్మలు, ఒక కడియం చేద్దామని కూర్చున్నా. గుండ్రంగా చుట్ట చుడుతున్నాను, వంకర వస్తే సరిచేద్దామని రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచేసరికి తీగ బిగుసుకుపోయి టక్కున విరుగుతోంది. ఇప్పటికి నాలుగు పోయాయి. కడియం పెట్టుకున్న చోట చెల్లి చెయ్యి ఆకుపచ్చగా అయింది, అమ్మ ఒకటే టెన్షన్. ఇంకో సంగతి, మిగతా వైరు తొడుగు కాల్చేసి తీయొచ్చా? బ్లేడుతో గీకి గీకి వేళ్లు నొప్పులు.

మోటార్‌వైండింగ్:
కాల్చొద్దమ్మా, దయచేసి. ఆ తొడుగు పీవీసీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. వైరుని చెక్క మీద పెట్టి పొడుగునా ఒక్క గాటు పెట్టి లాగితే తొడుగు ఊడొస్తుంది, గీకక్కర్లేదు.
ఇక విరగడం. రాగిని వంచేకొద్దీ, కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. తొడుగు పూర్తిగా తీసిన తీగని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేయండి. ఉక్కులా గట్టిపడదు, మెత్తబడుతుంది. నల్లబడితే నిమ్మరసంలో ఉప్పు కలిపి నానబెట్టి తోమండి. మళ్లీ బిగుసుకుంటే మళ్లీ కాల్చండి, ఎన్నిసార్లయినా పర్లేదు. చుట్ట పూర్తయ్యాక మాత్రం సుత్తితో సన్నగా తట్టండి, ఆకారం నిలుస్తుంది.
తెల్లగా కనిపించే తీగ ఉంటే బ్లేడుతో గీసి చూడండి, లోపల కూడా తెలుపే అయితే అల్యూమినియం, దాన్ని మంట మీద పెట్టొద్దు. 660 డిగ్రీలకే కరుగుతుంది, ఎర్రబడి ముందుగా చెప్పదు కూడా. మోటారు వైండింగ్ తీగకి వార్నిష్ ఉంటుంది, అదీ వంటింట్లో కాల్చేది కాదు.

ఎలగందుల:
కడియానికి ఒంటి తీగ వద్దక్కా. రెండు మెత్తటి తీగలు కలిపి మెలితిప్పి, పైనుంచి తట్టి కొంచెం చదును చేయండి, అంచు వెంట జడలా వస్తుంది. మా కరీంనగర్ వెండి తీగ పనిలో కూడా సన్న తీగల్ని ఇలాగే పేని, చదును చేసి పువ్వులు అల్లుతారు.

పసుపుకొమ్ము:
ఆకుపచ్చ గురించి అమ్మగారిని కంగారు పడొద్దని చెప్పండి, చెమటకి రాగి అలా దిగుతుంది, సబ్బుతో పోతుంది. లోపలి వైపు రంగులేని నెయిల్ పాలిష్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది.
నా భయమంతా చెవి కొక్కేల గురించి. ఒక కొట్లో కొన్న చవక కొక్కేలతో మా అమ్మాయికి చెవులు వాచి చీము పట్టాయి, నికెల్ పడలేదని డాక్టరు చెప్పారు. కొక్కేలు రాగితోనూ వద్దు, కంసాలి దగ్గర 0.9 మిల్లీమీటర్ల వెండి తీగ తీసుకోండి, జతకి గ్రాము కూడా పట్టదు. సోల్డరింగ్ ఆలోచన ఉంటే మానేయండి, రేడియో రిపేరుకి వాడే ఆ తీగలో సీసం ఉంటుంది.

గోదారిగట్టు:
కాల్చి చూశానండీ, తీగ దారంలా వంగుతోంది! మొదట సరిగా ఎర్రబడకుండానే తీసేశా, అది మెత్తబడలేదు, వంటింట్లో లైటు ఆపితేగాని ఆ ఎరుపు తెలియలేదు. 15 సెంటీమీటర్ల ముక్కలు రెండు ముందే కొలిచి కత్తిరించుకున్నా, రెండు చుట్టలూ ఒకే సైజులో 18 మిల్లీమీటర్లు వచ్చాయి. వెండి కొక్కేల కోసం రేపు కంసాలి దగ్గరికి వెళ్తున్నాం, చెల్లి కూడా వస్తానంటోంది.