పోస్ట్‌గ్రెస్‌లో తేదీ కాలమ్‌కు బ్రిన్ ఇండెక్స్ సరిపోతుందా?

నమస్కారం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని మా ఆర్డర్ల టేబుల్‌లో సుమారు 40 లక్షల వరుసలున్నాయి. ఖాతాదారు సంఖ్య, ఆర్డర్ తేదీ అనే రెండు కాలమ్‌లను అదే క్రమంలో కలిపి ఒక బీ-ట్రీ ఇండెక్స్ (విలువలను క్రమంలో పేర్చి, వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) పెట్టాను. ఒక ఖాతాదారు గత నెల ఆర్డర్లు అడిగితే జవాబు క్షణంలో వస్తోంది కానీ, ఖాతాదారుతో నిమిత్తం లేకుండా ఒక రోజు ఆర్డర్లన్నీ అడిగితే మాత్రం క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో సీక్వెన్షియల్ స్కానే, అంటే టేబుల్ మొత్తాన్ని చదవడమే, కనిపిస్తోంది. ఇంటిపేర్ల వరుసలో రాసిన జాబితాలో అసలు పేరు పట్టుకుని మనిషిని వెతికినట్టే ఇదీ అని అర్థమైంది.

తేదీకి విడిగా మరో బీ-ట్రీ పెడదామంటే, పగలంతా కొత్త ఆర్డర్లు చేరుతూనే ఉంటాయి కాబట్టి ప్రతి ఇన్సర్ట్‌కూ ఆ భారం తోడవుతుందని వెనకాడుతున్నాను. వరుసలు తేదీ క్రమంలోనే చేరుతున్నాయి గనుక చిన్నదైన బ్రిన్ ఇండెక్స్ (ప్రతి వరుసకూ కాక, డిస్క్‌పై పక్కపక్కనున్న పేజీల గుంపుకు కనిష్ఠ, గరిష్ఠ విలువలే దాచేది) మేలనిపిస్తోంది. అయితే ఆర్డర్ స్థితి మారినప్పుడల్లా మేము వరుసను అప్‌డేట్ చేస్తాం, అప్పుడు పోస్ట్‌గ్రెస్ రాసే ఆ వరుస కొత్త ప్రతి వేరే పేజీలోకి వెళ్లి ఆ క్రమం చెదిరిపోదా? అనుభవజ్ఞులు కారణంతో సహా చెప్పగలరని మనవి.