హైదరాబాద్‌లో మగవాళ్ళు బాగా డ్రెస్ అవ్వాలంటే ఏం చూసుకోవాలి? మీ అనుభవాలు చెప్పండి

రెడ్‌లైన్_ప్రయాణికుడు
అందరికీ నమస్తే. కొత్త ఉద్యోగంలో వచ్చే నెల నుంచి క్లయింట్ మీటింగులు ఉంటాయన్నారు, ఇప్పటిదాకా జీన్స్, టీషర్టులతోనే నడిచిపోయింది. మార్గశిరంలో మా బాబాయి వాళ్ళ అమ్మాయి పెళ్ళి కూడా ఉంది, పనులన్నీ నేనే దగ్గరుండి చూసుకోవాలి. రెండింటికీ కలిపి 25 వేలు పెట్టగలను. రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆఫీసు దాకా నడుస్తాను. బయట చెమట, లోపల ఏసీ చలి. సూట్ కుట్టించాలా, రెడీమేడ్ కొనాలా, అసలు ఏమేం చూసి కొనాలి? బ్రాండ్ పేర్లు వద్దు, విషయం చెప్పండి.

అబిడ్స్_కటింగ్
తమ్ముడూ, మా నాన్న అబిడ్స్‌లో కటింగ్ మాస్టర్, ఇప్పుడు ఆ షాపు నేను చూస్తున్నాను. మన దగ్గర మగవాళ్ళు బట్టకి డబ్బు పెడతారు, బ్రాండ్‌కి పెడతారు, ఒంటికి సరిపోయిందా లేదా అన్నది మాత్రం అద్దంలో ఒకసారి ఎదురుగా చూసుకుని వదిలేస్తారు. ముందు భుజం చూడాలి. చొక్కాకైనా కోటుకైనా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున ఆగాలి, అది చేతి మీదికి జారిందంటే ఎంత ఖరీదైన బట్టయినా అన్నయ్యది తొడుక్కున్నట్టే ఉంటుంది. నడుము తగ్గించొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, ప్యాంటు బాటమ్ మార్చొచ్చు. కోటు భుజం మార్చాలంటే మాత్రం చెయ్యి మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టాలి, చాలామంది ఆ పని ఒప్పుకోరు, ఒప్పుకున్నా సాఫీగా రాదు. అందుకని రెడీమేడ్ కొంటే భుజానికి సరిపోయేది తీసుకో, మిగతాది ఆల్టరేషన్‌లో సరిచేయించు.

కాలర్ బొత్తం పెట్టాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. కోటు చెయ్యి మణికట్టు దగ్గర ఆగాలి, దాని కింద చొక్కా కఫ్ అర అంగుళం కనపడాలి. వెనక మెడ దగ్గర కోటు కాలర్‌కీ చొక్కా కాలర్‌కీ మధ్య సందు కనిపిస్తే ఆ కోటు వద్దు. రెండు బొత్తాల కోటుకి పై బొత్తం ఒక్కటే పెట్టుకోవాలి, కిందిది పెట్టుకునేలా కోటు కట్ చెయ్యరు. కూర్చునేటప్పుడు పైదీ తీసెయ్.

కుట్టించేదైతే నీకు బాగా కుదిరిన పాత చొక్కా ఒకటి తీసుకెళ్ళు, కొలతలతో పాటు అదీ చూపించు. ఒక్కసారే ఆరు చొక్కాలు ఇవ్వకు, ఒకటి కుట్టించి, ఉతికి, వేసుకుని బండి హ్యాండిల్ పట్టుకునేలా చేతులు ముందుకు చాచి చూడు. వీపు దగ్గర బిగుసుకుంటే యోక్ (భుజాల వెనక వచ్చే ముక్క) వెడల్పు చెప్పి మార్పించు. కాటన్ బట్టయితే కుట్టకముందే నీళ్ళలో తడిపి ఆరబెట్టాలి, లేకపోతే ఉతికాక కుంచించుకుపోతుంది.

మాదాపూర్_సేల్స్
కటింగ్ అన్న చెప్పింది నూటికి నూరు శాతం నిజం. ఇంకొకటి, మీటింగులు అనగానే సూట్ అనుకోకు బ్రో. హైటెక్ సిటీ వైపు నా క్లయింట్లలో ఎక్కువమంది చొక్కా, ప్యాంటులోనే వస్తారు. ముందు రెండు మంచి ప్యాంట్లు తీసుకో, ఒకటి ముదురు బూడిద రంగు, ఒకటి నేవీ బ్లూ. నాలుగు ఫుల్ చేతుల చొక్కాలు, తెలుపు, లేత నీలం, ఒక సన్న గీతలది, ఒక లేత గులాబీ. వీటిలో ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకైనా నప్పుతుంది, పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఆలోచించే పని ఉండదు. వీటి తర్వాత మిగిలిన డబ్బుతో లైనింగ్ తక్కువగా ఉన్న తేలిక నేవీ జాకెట్ ఒకటి కొని ఆఫీసులో కుర్చీకి తగిలించి ఉంచు. మీటింగ్ ముందు వేసుకోవచ్చు, ఏసీ చలికీ పనికొస్తుంది. మెట్రోలో తీసుకెళ్ళాల్సి వస్తే ఒక భుజాన్ని లోపల నుంచి బయటికి తిప్పి రెండో భుజంలోకి దూర్చి మడుచుకో, ముడతలు పడవు.

జనరల్‌బజార్_బట్టలు
బట్ట గురించి నేను చెప్తాను, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ప్యాంటు బట్టలు అమ్ముతాం. షాపులోకి వచ్చినవాళ్ళు రంగు చూస్తారు, వేళ్ళతో నలిపి చూసేవాళ్ళు తక్కువ. గుప్పిట్లో పట్టుకుని గట్టిగా పిండి వదలండి. ఉన్ని ఎక్కువున్న బట్ట కాసేపట్లో తనంతట తనే సర్దుకుంటుంది, లినెన్ ముడత ముడతగానే ఉండిపోతుంది. టీఆర్ అని అడుగుతారే, అది పాలిస్టర్, విస్కోస్ కలిసింది, ముడత పడదు, చవక, కానీ మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఒంటికి గాలాడదు. టెరీవూల్ అంటే పాలిస్టర్, ఉన్ని కలిసింది, ఉన్ని శాతం ఎంతో అంచు మీదో లేబుల్ మీదో చూసి తీసుకోండి. ఉన్ని అనగానే చాలామంది వేడి అనుకుంటారు, అన్ని ఉన్నులూ స్వెట్టర్ ఉన్ని కాదు. సన్న పోగుతో కాస్త వదులుగా నేసిన తేలిక ఉన్ని గాలి ఆడనిస్తుంది, చెమట కూడా పీల్చుకుంటుంది. హైదరాబాద్‌కి మీటరుకి 250 గ్రాముల లోపు బరువున్నది అడగండి.

సూపర్ 100, సూపర్ 120 అని అంచు మీద రాసి ఉండేది ఉన్ని పోగు ఎంత సన్నం అన్నదానికి గుర్తు. అంకె పెరిగే కొద్దీ మెత్తదనం పెరుగుతుంది, దాంతోపాటే నాజూకూ పెరుగుతుంది. రోజూ మెట్రోలో వేలాడేవాళ్ళకి 100, 120 చాలు, అంతకన్నా పైవి తొందరగా అరుగుతాయి. 58 అంగుళాల పన్నాలో ప్యాంటుకి 1.2 నుంచి 1.3 మీటర్లు, ఫుల్ చేతుల చొక్కాకి 1.6, సూటుకి మూడు నుంచి మూడుంబావు మీటర్లు పడుతుంది. ఎత్తూ లావూ ఎక్కువున్నవాళ్ళు కొనేముందు టైలర్‌ని అడగాలి.

రెడ్‌లైన్_ప్రయాణికుడు
చాలా థాంక్స్ అన్నా. కోట్లలో ఫ్యూజ్డ్, కాన్వాస్ అంటున్నారు, అది ఏంటి? డబ్బు ఎక్కువ పెట్టాల్సినంత తేడా ఉందా?

అబిడ్స్_కటింగ్
కోటు ఛాతీ నిలబడాలంటే పై బట్టకీ లైనింగ్‌కీ మధ్య ఇంకో పొర ఉండాలి. ఆ పొరని జిగురుతో, వేడితో అతికిస్తే ఫ్యూజ్డ్. కాన్వాస్‌ని వదులు కుట్టుతో కుట్టి నిలబెడితే కాన్వాస్ కోటు, ఛాతీ దాకానే కుడితే హాఫ్ కాన్వాస్. తెలుసుకోవాలంటే కింది కాజా దగ్గర పై బట్టని, లోపలి లైనింగ్‌ని రెండు చేతుల వేళ్ళతో విడదీసి చూడు. మధ్యలో మూడో పొర విడిగా తగిలితే ఫుల్ కాన్వాస్, తగలకుండా పై బట్టే దళసరిగా ఉంటే అక్కడ అతికించినట్టు. హాఫ్ కాన్వాస్ కావాలంటే అదే పరీక్ష ఛాతీ దగ్గర చెయ్యాలి. నాసిరకం ఫ్యూజింగ్ అయితే కొన్నిసార్లు డ్రై క్లీనింగ్‌కి వెళ్ళొచ్చాక ఛాతీ మీద బుడగలు లేస్తాయి, ఆ తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. ఏడాదికి ఒకటి రెండు పెళ్ళిళ్ళకి వేసుకునే కోటుకి మంచి ఫ్యూజ్డ్ సరిపోతుంది. వారానికి రెండుసార్లు వేసుకునేదైతే హాఫ్ కాన్వాస్‌కి డబ్బు పెట్టు.

ఇక్కత్_అభిమాని
అందరూ నేవీ, బూడిద అంటున్నారు, మన ఊరి పక్కనే ఉన్నదాన్ని ఎందుకు మర్చిపోతారండీ? ఇక్కత్ నేసే పోచంపల్లి మనకి బండి మీద వెళ్ళొచ్చేంత దూరం. నేను ఆఫీసుకి వారంలో రెండు రోజులు చేనేత చొక్కాలే వేసుకుంటాను. ఇక్కత్‌లో నేశాక రంగు వెయ్యరు, నేయకముందే పోగుల్ని కట్టి రంగులద్దుతారు, అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు మెత్తగా కనపడతాయి. అంచు గీత గీసినట్టు పదునుగా ఉండి, వెనక వైపు రంగు వెలిసినట్టుంటే అది ప్రింటు. నిజమైన ఇక్కత్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. షాపుల్లో ఇక్కత్ ప్రింట్‌ని ఇక్కత్ అని అమ్ముతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఒక్కో పోగు లెక్కపెట్టి కట్టే ఇంటిల్లిపాది కష్టం అది.

మీటింగుకి పెద్ద పెద్ద డిజైన్లు వద్దు. ముదురు నీలం మీద సన్న చుక్కలు, లేదా ఒకే రంగు మంగళగిరి కాటన్ అయితే నిండుగా ఉంటుంది. పుట్టపాక తేలియా రుమాల్ డిజైన్లు కూడా చూడండి, దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చాలా హుందాగా ఉంటుంది. చేనేత పన్నా తక్కువ, రెండు నుంచి రెండున్నర మీటర్లు తీసుకోండి, జేబు దగ్గర, బొత్తాల పట్టీ దగ్గర డిజైన్ కలవాలని టైలర్‌కి ముందే చెప్పండి, దానికి బట్ట కాస్త ఎక్కువ పడుతుంది. మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో ఉతికి, నీడలో ఆరేసి, పల్చగా గంజి పెట్టండి.

మాదాపూర్_సేల్స్
ఇక్కత్ గారూ, చొక్కాలు బాగుంటాయి, కాదనను. కొత్త క్లయింట్‌ని మొదటిసారి కలిసేటప్పుడు మాత్రం నేనైతే తెల్ల చొక్కాకే ఓటేస్తాను. మాట మీద ఉండాల్సిన దృష్టి డిజైన్ మీదికి పోకూడదు.

ఇక్కత్_అభిమాని
నా అనుభవం వేరే. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు నా చొక్కా గురించి అడిగితే అక్కడి నుంచే మాట మొదలైంది. సంకోచంగా వేసుకుంటే ఎవరికైనా నప్పదు, అంతే.

బొజ్జ_ఉంటే_ఏంటి
ఇక్కడందరూ సన్నగా ఉన్నవాళ్ళకే చెప్తున్నారు. నాకు పొట్ట ఉంది, నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, మాకూ చక్కగా కనపడే హక్కు ఉంది. పొట్ట కింద ప్యాంటు కట్టుకుని బెల్టు బిగించడం మానేసి, బొడ్డు ఎత్తున కూర్చునేలా కుట్టించుకున్నాక తేడా నేనే నమ్మలేకపోయాను. ముందు రెండు ప్లీట్లు (నడుము దగ్గర మడతలు) పెట్టించండి, కూర్చున్నప్పుడు తొడల దగ్గర సుఖంగా ఉంటుంది. చొక్కా పొట్ట దగ్గర బొత్తాలు లాగకూడదు, అలాగని సంచీలాగా వదలొద్దు, వెనక రెండు డార్టులు (బట్టని లోపలికి పట్టి కుట్టే మడతలు) పెట్టిస్తే నడుము దగ్గర కుదురుతుంది. స్లిమ్ ఫిట్ అన్న మాట నమ్మి ఊపిరి బిగబట్టి మీటింగులో కూర్చోవద్దు, ఆ టెన్షన్ ముఖంలో కనపడుతుంది.

రెడ్‌లైన్_ప్రయాణికుడు
పెళ్ళి సంగతి కూడా చెప్పండి ప్లీజ్. మా ఇంట్లో షేర్వానీ అంటున్నారు, నాన్న పంచె అంటున్నారు.

పత్తర్‌గట్టీ_భాయ్
షేర్వానీ గురించి మమ్మల్ని అడుగు భాయ్. మా తాత, నాన్న పెళ్ళిళ్ళకి, ఈద్‌కి షేర్వానీ లేనిదే గడప దాటలేదు. ఈ ఊళ్ళో అది మతంతో పనిలేని డ్రెస్, నిజాం కాలంలో ఉద్యోగులు, వకీళ్ళు, హిందువులు, ముస్లింలు అందరూ వేసేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి బట్టలంటే ఎంత ఇష్టమో పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువా చూస్తే తెలుస్తుంది, అక్కడి మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో కనిపించే రాళ్ళు, జరీ, పూసలు నిండిన షేర్వానీ వేరు, మన హైదరాబాదీ షేర్వానీ వేరు. మనది సాదా. ఒకే రంగు, మోకాళ్ళ దాకా పొడవు, మెడ దగ్గర నిలువు కాలర్, ముందు బొత్తాల వరస, అంతే అందం. పట్టు, నూలు కలిపి నేసే ఔరంగాబాద్ హిమ్రూ బట్టతో కుట్టిస్తే దాని మీద ఇంకే పనీ అక్కర్లేదు. మెడ కాలర్, ఛాతీ కుదిరిందా అని ట్రయల్‌లో గమనించు, కాలర్ గొంతుకి గుచ్చుకుంటే పెళ్ళంతా చేత్తో లాక్కుంటూ ఉంటావు. పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగ్ వైపు వస్తే బట్ట దొరుకుతుంది, కుట్టేవాళ్ళూ దొరుకుతారు. నువ్వు పెళ్ళికొడుకువి కాదు, పెళ్ళి పనులు చూసేవాడివి కాబట్టి పొట్టిగా ఉండే బంద్‌గలా (మెడ దాకా బొత్తాలుండే నిలువు కాలర్ కోటు) ఇంకా సుఖం, తర్వాత ఆఫీసు ఫంక్షన్లకీ వేసుకోవచ్చు.

సిక్కోలు_కూకట్‌పల్లి
భాయ్ చెప్పింది రిసెప్షన్‌కి బాగుంటుంది. పొద్దున ముహూర్తానికి మాత్రం నాన్నగారి మాట విను తమ్ముడూ. మాది శ్రీకాకుళం, మా ఇంట్లో పెళ్ళంటే పొందూరు ఖాదీ పంచె. పొందూరులో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేసి, చేత్తో సన్నటి నూలు వడుకుతారు, ఆ మెత్తదనం మిల్లు పంచెకి రాదు. ధర ఎక్కువే, కానీ ఏళ్ళ తరబడి ఉంటుంది. వెల్క్రో పంచెలు వద్దు, కట్టుకోవడం పెళ్ళికి ముందే ఇంట్లో రోజూ కాసేపు నాన్నగారి దగ్గర నేర్చుకో, నడిచి చూడు, కింద కూర్చుని లేచి చూడు, మెట్లు ఎక్కి చూడు. పంచె అంచు రంగుకి నప్పే చొక్కా, భుజాన కండువా. పెళ్ళి పనుల్లో అటూ ఇటూ తిరిగేవాడివి కాబట్టి కచ్చా పోసి కట్టుకుంటేనే జారదు.

చర్మం_బూట్లు
బూట్ల గురించి ఎవరూ రాయలేదు. బడ్జెట్‌లో కనీసం ఐదో వంతు బూట్లకి ఉంచండి. ఒక్క జతే కొనగలిగితే ముదురు బ్రౌన్ డెర్బీ (లేసులుండే ఫార్మల్ బూటు), నేవీకీ బూడిదకీ నప్పుతుంది, బెల్టు కూడా అదే రంగు. నల్లది తర్వాత. వానాకాలంలో రాయదుర్గం రోడ్ల మీద నడవాలి కాబట్టి తోలు అట్ట (సోల్) కాకుండా రబ్బరు అట్ట తీసుకోండి, తోలు అట్ట తడిస్తే జారుతుంది, తొందరగా పాడవుతుంది. స్వెడ్ (నూగు ఉండే మెత్తటి తోలు) బూట్లని జూన్ నుంచి సెప్టెంబరు దాకా బీరువాలోనే ఉండనీయండి. తడిసిన బూట్లని ఎండలో పెట్టొద్దు, తోలు పగులుతుంది, లోపల న్యూస్ పేపర్ ఉండలు దూర్చి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఒకే జత వరసగా రెండు రోజులు వెయ్యకపోతే చెమట ఆరడానికి టైమ్ దొరుకుతుంది.

బొజ్జ_ఉంటే_ఏంటి
ఇస్త్రీ గురించి ఒక మాట. మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన చాలా బాగా చేస్తారు, కానీ ముదురు రంగు ప్యాంట్లకి మనమే చెప్పాలి, తిరగేసి ఇస్త్రీ చెయ్యమని, లేదా పైన తడి గుడ్డ వెయ్యమని. నేరుగా పెట్టె పెడితే తొడల మీద, జేబుల దగ్గర మెరుపు వస్తుంది, అది మళ్ళీ పోదు. కోటుని వేసుకున్న ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వక్కర్లేదు, బ్రష్‌తో దుమ్ము దులిపి, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి గాలికి ఉంచితే చాలు.

అబిడ్స్_కటింగ్
తమ్ముడూ, బంద్‌గలా కుట్టించాలనుకుంటే బట్ట ఇప్పుడే ఇచ్చెయ్. దసరా, దీపావళి దగ్గర పడితే ఏ టైలర్ దగ్గరా చెయ్యి ఖాళీ ఉండదు, ట్రయల్ ఒక్కసారితో సరిపెట్టేస్తారు. నీకు రెండు ట్రయల్స్ కావాలి, మొదటిది కచ్చా కుట్టు (తాత్కాలికంగా వేసే వదులు కుట్టు) మీద, రెండోది కాజాలు వెయ్యకముందు. ప్యాంటు, చేతులు, నడుము కుట్టుల లోపల బట్ట వదిలిపెట్టమని చెప్పు, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవచ్చు. ట్రయల్‌కి వచ్చేటప్పుడు చెప్పులతో రాకు, పెళ్ళికి వేసుకోబోయే బూట్లే వేసుకుని రా, ప్యాంటు పొడవు వాటి మీదే కొలవాలి.