రీఎనాక్టర్ల కృషికి గుర్తింపు అడిగేటప్పుడు ఏ ఆధారాలు చూపాలి? (చర్చ)

కోటగోడ:
అందరికీ నమస్కారం. పాతకాలపు సైనికుల, చేతివృత్తులవాళ్ల బతుకును ఆనాటి బట్టల్లో, ఆనాటి పనిముట్లతో జనం ముందు చేసి చూపే రీఎనాక్టర్ల గ్రూపులకు ఏదైనా అవార్డు అడిగితే చాలు, "వేషాలు కట్టడమే కదా, దీనివల్ల ఊరి వారసత్వానికి ఒరిగిందేమిటి?" అని అడుగుతారు. ఫోటోల ఆల్బమ్ చూపిస్తే సరిపోవడం లేదు. ఎంపిక చేసేవాళ్ల ముందు ఏం పెడితే నిలబడుతుంది?

గొలుసుచొక్కా:
వాడి చూస్తే తప్ప తెలియని సంగతులు, రాసిపెట్టినవి. అంతకు మించిన ఆధారం లేదు.

1964లో ఇంగ్లండ్‌లోని కార్‌బ్రిడ్జ్ తవ్వకాల్లో దొరికిన ఒక పెట్టెలో రోమన్ పలకల కవచం భాగాలు బయటపడ్డాయి. వాటిని బట్టి కవచాల నిపుణుడు హెచ్. రస్సెల్ రాబిన్సన్ ఆ కవచం అమరికను తిరిగి నిర్మించాడు. 1972లో బ్రిటన్‌లో మొదలైన ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ లాంటి రోమన్ సైనికుల రీఎనాక్టర్ గ్రూపులు అలాంటి కవచాలు చేయించుకుని, తొడుక్కుని నడిచాయి. అద్దాల పెట్టెలో కదలకుండా ఉన్న కవచం చెప్పని విషయం అప్పుడే తెలుస్తుంది. ముందు దెబ్బతినేది ఇనుప పలక కాదు, భుజం దగ్గరి పలుచని ఇత్తడి మడతబందు. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా అది మెలిపడి, రివెట్ చిల్లు దగ్గర చీలుతుంది. తవ్వకాల్లో ఇలాంటి ఇత్తడి ముక్కలు ఎందుకు అంత తరచుగా దొరుకుతాయో కవచం వేసుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇనుప కడియాల చొక్కా సంగతీ అంతే. ఒక్కో కడియం చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుంటుంది. చివరలు ఊరికే ఆనించి వదిలేస్తే చంకల కింద లాగుడుకు తెరుచుకుంటాయి, రివెట్ వేసినవి నిలుస్తాయి. చొక్కా బరువు సుమారు 10 కిలోలు ఉంటే, నడుముకు పట్టీ బిగించి పైభాగాన్ని కొంచెం పైకి లాగి వదలాలి. అప్పుడు కొంత బరువు తుంటి మీదకు దిగుతుంది, లేకపోతే భుజాలు పట్టేస్తాయి. తేదీ, ఎన్ని గంటలు తొడుక్కున్నారు, ఏ భాగం పోయింది, ఎలా బాగుచేశారు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో: ప్రతి వస్తువుకూ ఇంతే రాయండి. విరిగిన ముక్కను పారేయకండి.

లెక్కలపుస్తకం:
ఉదాహరణకు బ్రిటన్‌లోని కింగ్స్ అవార్డ్ ఫర్ వాలంటరీ సర్వీస్ చూడండి. 2002లో క్వీన్స్ అవార్డ్‌గా మొదలైంది. వ్యక్తులకిచ్చే ఎంబీఈ అనే బ్రిటిష్ రాజ పురస్కారంతో సమానమైన గౌరవం, గ్రూపులకు. గ్రూపు కనీసం 3 ఏళ్లుగా పనిచేస్తూ ఉండాలి. లోపలివాళ్లు నామినేట్ చేయకూడదు, బయటివాళ్లే చేయాలి. దానికి 2 మద్దతు లేఖలు జతచేయాలి.

చాలా దరఖాస్తులు ఆ లేఖల దగ్గరే తేలిపోతాయి. "ప్రదర్శన అద్భుతంగా ఉంది" అన్న లేఖ బరువు తూగదు. ఏ తరగతి పిల్లలు, ఎంతమంది, ఏ వస్తువును చేతితో పట్టుకున్నారు, తర్వాత పాఠంలో ఏం మారింది అన్నది టీచర్ రాయాలి. వారం లోపే అడిగి రాయించుకోండి. నెల గడిస్తే వివరాలు పోయి పొగడ్తలే మిగులుతాయి.

గంటల లెక్కలో తయారీ, సాధన, జనం ముందు చేసిన పని వేర్వేరు గడుల్లో ఉండాలి. 12 మంది 6 గంటలు చేస్తే 72 గంటలు. దానికి కుట్టుపని గంటలు కలిపి ఒకే అంకె చేశారంటే ప్రశ్న తప్పదు. ఇక ఉత్సవానికి వచ్చిన మొత్తం జనాన్ని మీ ప్రేక్షకులుగా రాయకండి. గంటకోసారి 10 నిమిషాలపాటు లెక్కపెట్టండి, ఆ సేపట్లో మీ దగ్గర ఆగినవాళ్లను మాత్రమే, ఆ అంకెను ఆరుతో హెచ్చవేయండి. అంకె చిన్నదవుతుంది, కానీ నమ్ముతారు.

మట్టిపొర:
వారసత్వానికి మేలు చేశామని చెప్పేముందు కీడు చేయలేదని చూపాలి కదా! గడ్డిలో జారిపోయిన నకలు బకిల్, నకలు నాణెం, బాణం మొన ఏళ్ల తర్వాత ఎవరికో దొరికితే అసలుదేమో అనిపిస్తుంది. పాత యుద్ధభూమిలో అయితే ఇది మరీ ప్రమాదం. అక్కడ తుపాకీ గుళ్లు ఎక్కడెక్కడ పడ్డాయన్నదే చరిత్ర. అందుకే ప్రతి లోహపు వస్తువు వెనకవైపు గుర్తు ముద్ర కొట్టించండి, జాబితా పెట్టుకోండి, సాయంత్రం వరుసగా నిలబడి నేల చూసుకుంటూ నడవండి. పోయినవాటి పేరు, పోయిన చోటు స్థల నిర్వాహకులకు రాసి ఇవ్వండి.

గుడారం మేకులు కూడా పైపొరలను చీలుస్తాయి. బ్రిటన్‌లో 1979 చట్టం కింద రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న స్థలంలో ముందుగా అనుమతి అడగాలి. మేకుల బదులు ఇసుక సంచులతో తాళ్లు కట్టొచ్చు. నిప్పు నేలమీద వద్దు, కాళ్లున్న ఇనుప పళ్లెంలో పెట్టండి. ఆ అనుమతి కాగితాలు, ప్రదర్శనకు ముందూ తర్వాతా తీసిన నేల ఫోటోలు దరఖాస్తులో పెడితే చాలా విలువ.

నిప్పువత్తి:
తుపాకులున్న గ్రూపులకు ఒక మాట. వత్తి తుపాకీ (మండే వత్తితో మందు అంటించే పాతకాలపు తుపాకీ) పేలకపోతే వెంటనే కిందకు దించి లోపలికి చూడకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టాన్ని మనుషులు లేని వైపే ఉంచి, ఆగాలి. తుపాకీ పక్కనుండే చిన్న పళ్లెంలోని మందు భగ్గుమని, గొట్టంలోది పేలకపోతే తప్పు ఎక్కువగా చెవి రంధ్రానిది, అంటే పళ్లెం నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే చిల్లుది. మసితో మూసుకుపోతుంది. అంతా చల్లారాక సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయాలి. తేమ ఉన్న రోజు పళ్లెంలోని మందే ముందు మొరాయిస్తుంది. ప్రదర్శనలో గుండు వేయకూడదని వేరే చెప్పాలా!

ప్రతి పేలనిదాన్నీ, ఎందుకు పేలలేదన్నదాన్నీ భద్రతా పుస్తకంలో రాయండి. తప్పులు దాచిన పుస్తకం కంటే, జరిగిన తప్పులను రాసిపెట్టిన పుస్తకాన్నే అధికారులు గౌరవిస్తారు. ఆ కాలపు సైనికుడు వానంటే ఎందుకు భయపడ్డాడో కూడా దాంట్లోనే కనిపిస్తుంది.

కోటగోడ:
చాలా ఉపయోగపడింది. బట్టల విషయంలో ఒక సందేహం. ఆధారం దొరకని చోట ఊహించి కుట్టినవి ఉంటాయి కదా, అవి చెబితే మన విలువ తగ్గదా?

దారపుకండె:
తగ్గదండీ, చెప్పకపోతేనే తగ్గుతుంది. ఒక్కో బట్టకు ఒక్కో కాగితం పెట్టండి. ఇది తవ్వకంలో దొరికిన ముక్కను బట్టి, ఇది చిత్రాన్ని బట్టి, ఇది ఊహ, ఇది నేటి సౌకర్యం కోసం చేసిన సర్దుబాటు. లోపలి కుట్టు మిషన్‌ది అయితే అదీ రాయండి. సర్దుబాటు ఎక్కడ చేసినా నిప్పు దగ్గర నిలబడేవాళ్లకు మాత్రం పాలిస్టర్ వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని మాడుతుంది గానీ కరగదు. చూడటానికి వచ్చినవాళ్లు "ఇది నిజంగా ఇలాగే ఉండేదా?" అని అడిగితే ఆ కాగితమే చూపించండి.

లెక్కలపుస్తకం:
ఆ కాగితాల ఒక ప్రతిని స్థానిక మ్యూజియంకో, లైబ్రరీకో ఇచ్చి రసీదు తీసుకోండి. పిల్లల ఫోటోలుంటే తల్లిదండ్రుల సంతకాలు ముందే ఉండాలి, లేదంటే ఆ పేజీలు వాళ్లు తీసుకోరు.