పైపులో గాలి, నీళ్లు కలిసి పోతుంటే గామా రీడింగ్ తప్పుతోంది

గుంటూరు_కుర్రాడు:
నమస్కారమండీ. మా టెస్ట్ లూప్‌లో నాలుగంగుళాల నిలువు పైపు ఉంది. అందులో గాలి వాటాను సీజియం-137 అనే రేడియోధార్మిక సోర్స్ గామా కిరణాలతో బయటి నుంచే కొలుస్తున్నాం (నీళ్లు ఎక్కువుంటే అవతలి డిటెక్టర్‌కి తక్కువ కిరణాలు చేరతాయి). చిన్న బుడగలు పోతున్నంతసేపూ లెక్క సరిపోతోంది. స్లగ్ (పెద్ద గాలి ముద్ద, నీళ్ల ముద్ద ఒకదాని తర్వాత ఒకటి పోవడం) మొదలైతే గాలి ఎక్కువ చూపిస్తోంది. రెండు చివర్లా వాల్వులు ఒక్కసారిగా మూసి, చిక్కిన నీళ్లు కొలిస్తే తేడా తెలిసింది. మూడు రోజులుగా టెన్షన్. సోర్స్ బలం తగ్గిందంటారా?

పటమట_అన్న:
సీజియం సగానికి తగ్గాలంటే 30 ఏళ్లు పడుతుంది తమ్ముడూ. ఒక్కో రీడింగ్ ఎంతసేపు?

గుంటూరు_కుర్రాడు:
పది సెకన్లు అన్నా.

పటమట_అన్న:
అదే తప్పు. స్లగ్ అంటే బోరు మోటారు వేయగానే కాసేపు గాలి, కాసేపు నీళ్లు కక్కినట్టు. ఖాళీ పైపుకి సెకనుకి 10,000 కౌంట్లు (డిటెక్టర్ పట్టిన కిరణాలు), నీళ్లు నిండిన పైపుకి 4,200 అనుకో. సగం సేపు గాలి, సగం సేపు నీళ్లు పోతే సగటు 7,100. దాన్ని గాలి వాటా కట్టే లాగ్ (లాగరిథమ్) ఫార్ములాలో వేస్తే గాలి 60 శాతం వస్తుంది. అసలుది 50! కౌంట్లు సగటు చేశాక లాగ్ తీయకూడదు. చిన్న చిన్న ముక్కలుగా కౌంట్ తీసుకుని, ప్రతి ముక్కకీ గాలి వాటా కట్టి, ఆ తర్వాత సగటు చెయ్యి. నేను ఇది తెలుసుకునేసరికి ఒక నెల డేటా పోయింది.

మంగళగిరి_లక్ష్మి:
మరీ చిన్న ముక్కలు చేయకండి. 100 కౌంట్లయితే పది శాతం ఊగుతుంది, 10,000 అయితే ఒక శాతమే. మీ రేటుకి 50 మిల్లీసెకన్లు పెట్టి చూడండి.

కృష్ణలంక_సేఫ్టీ:
ఒక మాట. పైపు దగ్గర చెయ్యి పెట్టే ముందు సోర్స్ కిరణాలను ఆపే షట్టర్ మూసి, సర్వే మీటర్‌తో (రేడియేషన్‌ని అక్కడికక్కడే చూపించే మీటర్) చూసుకోండి. ఒక ప్లాంటులో హ్యాండిల్ మూసినట్టే ఉంది, లోపల షట్టర్ ఇరుక్కుపోయింది. మీటర్ పట్టుకోబట్టి బయటపడ్డాం. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క కోసం పెట్టుకునేది) చెప్పేది తర్వాత, ఆపేది మీటరే.

గుంటూరు_కుర్రాడు:
50 మిల్లీసెకన్లతో చేశాను. వాల్వుల లెక్కకి బాగా దగ్గరగా వచ్చింది! చాలా థాంక్స్ అన్నా, లక్ష్మిగారూ. 20 సెంటీమీటర్ల పైన రెండో డిటెక్టర్ పెడితే వేగం కూడా వస్తుందా?

పటమట_అన్న:
వస్తుంది, కానీ రెండో గామా కిరణం కూడా కావాలి. రెండు సిగ్నళ్ల మధ్య ఆలస్యం 50 మిల్లీసెకన్లయితే సెకనుకి 4 మీటర్లు. అయితే అది స్లగ్ వేగం, నీళ్ల వేగం కాదు. ఈ వేగం లెక్కకి మాత్రం ముక్కలు 5 మిల్లీసెకన్లకి తగ్గించాలి, లేకపోతే ఆలస్యమే దొరకదు. ఆదివారం గుంటూరు వస్తున్నా, డేటా తీసుకురా.