ఆరెంజ్‌లో ‘న’ ఎక్కడ జారిపోయింది?

సగం గుర్తు: డిగ్రీలో చదివిన షేక్స్‌పియర్ మాట ఒకటి రెండు రోజులుగా నస పెడుతోంది. ‘సివిల్ యాజ్ యాన్ ఆరెంజ్’ అనా, ‘ఎ నారెంజ్’ అనా? ముందున్న ‘ఎ’ వచ్చి ‘న’ని లాగేసుకుందని మా మాస్టారు చెప్పేవారు.

పాత పుస్తకం: ‘యాన్ ఆరెంజే’. ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ నాటకం రెండో అంకం, బియాట్రిస్ నోట. మీ మాస్టారి మాట ‘నాప్రన్’ పోయి వచ్చిన ‘ఆప్రన్’కి చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఇంగ్లీషు గడప తొక్కేనాటికే పాత ఫ్రెంచిలో అది ‘ఒరెంజ్’.

తోకచుక్క: మరి అరబ్బీ ‘నారంజ్’ని తీసుకున్న స్పెయిన్‌వాళ్లకి ‘న’ చెక్కుచెదరలేదే! పోర్చుగీసులో ‘లరాంజ’, అంటే ‘న’ కాస్తా ‘ల’. ఫ్రెంచిలో ‘ఒర్’ అంటే బంగారం కదా, ఆ మెరుపుకే ‘న’ని వదులుకున్నారని నా అనుమానం.

పాత పుస్తకం: మెరుపెందుకండీ, ఫ్రెంచిలో ‘ఒక’ అనే ‘యున్’ చివరి ‘న’ చాలు, పక్క ‘న’ని కలిపేసుకోడానికి. రెండు మాటల నడుమ ‘న’ వచ్చి చేరే మన నుగాగమం తిరగబడిందనుకోండి.

గోదారి గట్టు: అసలు సంస్కృతంలోని ‘నారంగ’ మన ద్రావిడ మాటే. తమిళంలో నార్త్తంగాయ్ అని నారింజ జాతి కాయ లేదూ?

తోకచుక్క: గొప్ప చెప్పుకోడానికి మాత్రం తమిళం మనదైపోతుంది! ‘నారంగ’లో ‘గ’ ఉంటే మన నారింజలో ‘జ’ ఎందుకుంది? ‘గ’తో పడమటికి వెళ్లి, అరబ్బీ ‘జ’ తగిలించుకుని తిరిగొచ్చిందంటాను.

నల్గొండ తోట: మా బత్తాయి బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి వచ్చిందంటారు. దాని సంగతీ తేల్చండి.

పాత పుస్తకం: బత్తాయికి వేరే పోస్టు పెట్టండి సార్. ఇంగ్లీషులో ఆరెంజ్ రంగు పేరయింది 16వ శతాబ్దంలో. అంతకుముందు 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ తన కథలోని నక్కని పసుపుకీ ఎరుపుకీ నడిమి రంగన్నాడు. కోడిపుంజుకి కలలో కనబడ్డ ఆ నక్క చెవుల కొసలు, తోక కొస నలుపు. ఒక్క కొత్త మాట లేకుండా నక్కని కళ్లముందు నిలబెట్టాడు మహానుభావుడు!

సగం గుర్తు: అన్నీ బాగున్నాయి గానీ, ‘సివిల్’ అంటే మర్యాద అనేనా?

గోదారి గట్టు: స్పెయిన్‌లోని సెవిల్ ఊరు, అక్కడి పుల్లచేదు నారింజ. శ్లేషండీ బాబూ.

తోకచుక్క: శ్లేష కుదరాలంటే ‘సె’ని ‘సి’ అని పలకాలిగా. అప్పట్లో అలా పలికేవారా?

పాత పుస్తకం: ‘న’ సంగతి తేలకుండానే ‘సె’ మొదలెట్టారా!